బైబిల్ క్విజ్‌లో నేను ఇవ్వని రెండు మార్కులు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ జిల్లా ఎడిషన్‌లో ఒక ఫోటో వేశారు. బైబిల్ క్విజ్‌లో ఫస్ట్ వచ్చిన ముగ్గురు పిల్లలు షీల్డ్ పట్టుకుని నిలబడ్డారు, పైన హెడ్డింగేమో "బైబిల్‌ను ఔపోసన పట్టిన చిన్నారులు" అని. పిల్లల్ని చూస్తే నిజంగా సంతోషమేసిందండి, ఈ రోజుల్లో ఫోన్ పక్కన పడేసి అంత లావు పుస్తకం ముందు కూర్చోవడమంటే మాటలు కాదు. కానీ ఆ ఔపోసన అన్న మాట దగ్గరే నేను ఆగిపోయా. అగస్త్యుడు సముద్రాన్ని ఔపోసన పట్టాడని స్కూల్లో చాలాసార్లు చెప్పాను, ఆయన పుక్కిట పట్టి తాగేశాక అక్కడ సముద్రం ఏం మిగిలింది చెప్పండి, ఉత్త ఇసక. మా క్రైస్తవ సంఘాల్లో బైబిల్‌కి కూడా అదే జరుగుతోందేమోనని నా భయం, అది చెప్దామనే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, కట్ చేసినా ఏమనుకోను.

నేను రిటైర్డ్ తెలుగు పండిట్‌ని, ఒంగోలు దగ్గర జడ్పీ హైస్కూళ్ళలో చేశాను. 31 ఏళ్ళుగా సండే స్కూల్ టీచర్ని, అందులో సగం ఏళ్ళు మా ఏరియా బైబిల్ క్విజ్‌కి పేపర్ సెట్ చేసింది నేనే. కాబట్టి ఎవరినో తప్పు పట్టట్లేదు, నా తప్పే చెప్తున్నా. మెతూషెల ఎన్నేళ్ళు బతికాడు, 969. 119వ కీర్తనలో వచనాలెన్ని, 176. బేతెస్ద కోనేరుకి మంటపాలెన్ని, అయిదు. పిల్లలు ప్రశ్న పూర్తి కాకుండానే బెల్ కొట్టేస్తారు. యోహాను 21లో యేసు శిష్యుడు పేతురు వాళ్ళ వలలో పడ్డ చేపలెన్ని అంటే 153 అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆ 153 ప్రశ్న నేను కనీసం ఏడెనిమిది సార్లు ఇచ్చి ఉంటాను. అదే అధ్యాయంలో, ఆ చేపలు తిన్న తర్వాత, యేసు ప్రభువు కూడా పేతురుని ఒక ప్రశ్న అడిగాడు, ఒకసారి కాదు మూడుసార్లు, "నన్ను ప్రేమించుచున్నావా" అని. అది మాత్రం నేను ఎప్పుడూ ఇవ్వలేదు. ఎలా ఇస్తాం, దానికి కీ ఉండదు కదా, ఎవరి ఆన్సర్ వాళ్ళదే, మార్కులెలా వేస్తాం.

ఇక్కడ నా పంతులమ్మ బుద్ధి కొంచెం భరించాలి మీరు. తెలుగులో "తెలుసు" ఉంది, "ఎరుగు" ఉంది. "నాకు తెలుసు" అంటాం, కానీ "నాకు ఎరుగుదును" అనం, "నేను ఎరుగుదును" అంటాం. తెలుసు అన్నప్పుడు ఆ విషయం ఎక్కడినుంచో వచ్చి నాకు చేరింది, నేను ఊరికే కూర్చున్నా చేరుతుంది. ఎరుగుదును అన్నప్పుడు నేను కదలాలి, ఆ మనిషితో కొన్నాళ్ళు మసలాలి. కలెక్టర్ గారి పేరు నాకు తెలుసు, అంతేగానీ ఆయన్ని నేనెరుగుదునంటే జనం నవ్వుతారు. (మా అల్లుడిది వరంగల్ సైడు, ఆయన ప్రతిదానికీ "నాకెర్కనే" అంటాడు, అక్కడ ఈ తేడా అంత లేదనుకోండి, ఆయనతో వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు.) మన పాత తెలుగు బైబిల్ ఈ మాటని ఎంత జాగ్రత్తగా వాడిందో చూడండి. "అద్వితీయ సత్యదేవుడవైన నిన్నును, నీవు పంపిన యేసుక్రీస్తును ఎరుగుటయే నిత్యజీవము" అని యోహాను 17:3. మత్తయి 7లో నీ పేరట ప్రవచించాం, దయ్యాలు వెళ్ళగొట్టాం, అద్భుతాలు చేశాం అని వచ్చిన వాళ్ళకి "నేను మిమ్మును ఎన్నడును ఎరుగను" అని యేసు ఒక్క ముక్కలో చెప్పేస్తాడు. వాళ్ళ సర్వీసు తక్కువేం కాదు, ఇప్పుడైతే పోస్టర్ మీద పెద్ద పెద్ద ఫోటోలు ఉండేవి వాళ్ళవి. యేసుని పట్టుకుపోయిన రాత్రి చలిమంట దగ్గర పేతురు ఆయన గురించి అన్నది కూడా "ఆ మనుష్యుని నేనెరుగను" అనే, మూడేళ్ళు ఒకే పడవలో తిరిగినవాడు!

గలతీయులకు రాసిన పత్రికలో ఇంకో మాట ఉంది, "దేవునిని ఎరిగినవారును, మరి విశేషముగా దేవునిచేత ఎరుగబడినవారునై యున్నారు" అని. మన తెలుగుకి ఈ "బడు" ప్రయోగం పెద్దగా ఒంటబట్టదు, నేను పిల్లల పేపర్లలో ఎర్ర ఇంకుతో కొట్టేసేదాన్ని, కానీ ఇక్కడ మాత్రం కొట్టెయ్యలేను. మనం దేవుణ్ణి చదవడం సగం, ఆయన మనల్ని చదవనివ్వడం మిగతా సగం. క్విజ్‌లో ఎప్పుడూ మనమే ఆయన గురించి చెప్తాం. ఆయన మన గురించి ఒక ప్రశ్న అడిగితే మాత్రం బెల్ మీద చెయ్యి వేసేవాడు ఉండడు.

ఇప్పుడు అసలు సంగతి. పదమూడేళ్ళ కిందట, ఒక ఫిబ్రవరి రెండో శనివారం, షామియానా వేసి క్విజ్ ఫైనల్ పెట్టాం, పక్క పక్క ఊళ్ళ రెండు సంఘాలు ఫైనల్‌కి వచ్చాయి, మార్కులు సమానం. ఆఖరి ప్రశ్న నాదే. "మీ శత్రువులను ప్రేమించుడి, ఈ మాట ఎక్కడ ఉంది, సువార్త పేరు, అధ్యాయం, వచనం చెప్పండి." ఒక బాబు, పన్నెండేళ్ళుంటాయేమో, గబుక్కున లేచి "లూకా 6:27" అన్నాడు. నా కీలో "మత్తయి 5:44" అని ఉంది. తప్పు అన్నాను. అవతలి టీమ్ మత్తయి చెప్పారు, రెండు మార్కులు, షీల్డ్ వాళ్ళకి. నిజం చెప్తున్నా ఎడిటర్ గారూ, ఒక్క నిమిషంలోనే నాకు వెలిగింది, లూకాలోనూ అదే మాట ఉంది, ఆ బాబు చెప్పింది వంద శాతం కరెక్టు. కానీ అప్పటికే మైకులో ఎనౌన్స్ అయిపోయింది, స్టేజి మీద గెస్టులు, చేతిలో షీల్డ్, అన్నిటికన్నా నేను తెలుగు పండిట్‌ని, 18 ఏళ్ళ సండే స్కూల్ సర్వీసు, నేను తప్పని ఎలా అంటాను. నోరు మూసుకున్నా.

ఆ బాబు సంఘం పెద్ద ఒకాయన బైబిల్ తెరిచి వేలు పెట్టి చూపిస్తూ స్టేజి దగ్గరికొచ్చాడు. జడ్జిల నిర్ణయమే ఫైనల్ అన్నారు మావాళ్ళు. మాటా మాటా పెరిగింది, కుర్చీలు కింద పడ్డాయి, ఎవరో ఒకళ్ళు ఊరి పేరు తీసి అనరాని మాట కూడా అన్నారు. అన్నం వండించి ఉంచాం, సగం మంది తినకుండానే ట్రాక్టర్ ఎక్కి వెళ్ళిపోయారు. కలిసి చేసుకునే సెమీ క్రిస్మస్ రెండేళ్ళు ఎవరికి వాళ్ళే చేసుకున్నారు. దేని మీదండీ గొడవ? శత్రువుల్ని ప్రేమించమన్న మాట ఎన్నో వచనంలో ఉంది అన్నదాని మీద! ఇది తల్చుకుని ఇప్పుడు నవ్వుతాను గానీ అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు, మీరు నమ్మరు, ఆ విడ్డూరం ఒక్కరికీ తట్టలేదు.

ఆ గొడవైన మూడో ఏడు వానాకాలంలో ఒక రాత్రి ఒంటిగంటప్పుడు మా ఆయనకి గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్స్ లేటవుతుందన్నారు, మా వీధిలో కారున్నవాళ్ళు ఫోన్ ఎత్తలేదు. ఎవరు చెప్పారో ఏమో, ఆటో ఒకటి వచ్చి గుమ్మంలో ఆగింది, చూస్తే బైబిల్ మీద వేలు పెట్టి చూపించిన ఆ పెద్దాయన! బతుకుతెరువుకి ఆయన ఆటో నడుపుతాడని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. ఒంగోలు దాకా వానలో తీసుకెళ్ళాడు, మూడు రోజులు ఆస్పత్రి వరండాలోనే ఉన్నాడు, బాడుగకి వెళ్ళకుండా. పొద్దున్నే వచ్చి "టీచరమ్మా, కాస్త ఏదన్నా తినండి" అని ఇడ్లీ పొట్లం చేతిలో పెట్టేవాడు. ఆ క్విజ్ మాట ఒక్కసారి ఎత్తితే ఒట్టు. దేవుడి గురించి కూడా పెద్దగా మాట్లాడలేదు, ఒకసారి మాత్రం మా ఆయన కాళ్ళ దగ్గర నిలబడి "తండ్రీ, నీకు తెలుసు" అన్నాడు, అంతే ప్రార్థన, నేను ఇంకా ఏమన్నా అంటాడేమోనని కళ్ళు మూసుకునే ఉన్నా, తెరిచి చూస్తే బయటికెళ్ళిపోయాడు. మా ఆయన బతికారు, ఇప్పుడు బాగానే ఉన్నారు, ఈ ఉత్తరం రాస్తుంటే పక్కన కూర్చుని పేపర్ చూస్తూ స్పెల్లింగులు దిద్దుతున్నారు.

ఆ వాక్యం రెండు అడ్రసులూ నాకు తెలుసు, మత్తయి ఇంటి నంబరూ తెలుసు, లూకా ఇంటి నంబరూ తెలుసు. ఆ ఆటో పెద్దాయన ఆ ఇంట్లో కాపురం ఉంటున్నాడు. తేడా నాకు ఆ వరండాలో అర్థమైంది.

అప్పట్నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను (చదవడం నా జబ్బు, అది తగ్గేది కాదు). మెథడిస్టు సంఘాలకి మూలపురుషుడైన ఇంగ్లీషు గురువు జాన్ వెస్లీ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది, మెథడిస్టు వాళ్ళకి మరీను. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివి అక్కడే కాలేజీలో ఫెలోగా ఉన్నాడు, 1728లో చర్చి గురువుగా అభిషేకం అయింది, గ్రీకులో కొత్త నిబంధన చదివేవాడు, జైళ్ళకెళ్ళి ఖైదీలకి చెప్పేవాడు. 1735 చివర్లో అమెరికాలోని జార్జియాకి మిషనరీగా ఓడెక్కాడు. 1736 జనవరిలో నడి సముద్రంలో తుఫాను, తెరచాప చిరిగిపోయి నీళ్ళు లోపలికొచ్చాయి, ఇంగ్లీషువాళ్ళంతా కేకలు, ఆ ఓడలోనే ఉన్న మొరావియన్ అనే జర్మన్ ప్రొటెస్టెంట్ సంఘం విశ్వాసులు మాత్రం కీర్తన ఆపకుండా పాడుతూనే ఉన్నారట. తర్వాత వెస్లీ వాళ్ళలో ఒకాయన్ని మీకు భయం వెయ్యలేదా, మీ ఆడవాళ్ళకీ పిల్లలకీ కూడా వెయ్యలేదా అని అడిగితే, మా ఆడవాళ్ళూ పిల్లలూ చావుకి భయపడరండీ అన్నాడు. వెస్లీకి భయం వేసింది, ఆ సంగతి తన డైరీలో దాచుకోలేదు.

ఒడ్డుకి చేరాక స్పాంగెన్‌బర్గ్ అని మొరావియన్ పాస్టర్ ఒకాయన్ని కలిసి సలహా అడిగాడు. ఆయన సలహా ఇవ్వడం మానేసి ఎదురు అడిగాడు, యేసుక్రీస్తుని నువ్వెరుగుదువా అని. వెస్లీ కాసేపు ఆగి, ఆయన లోకరక్షకుడని తెలుసు అన్నాడు. నిజమే, నిన్ను రక్షించాడని తెలుసా? నన్ను రక్షించడానికే చనిపోయాడని ఆశిస్తున్నాను అన్నాడు. నిన్ను నువ్వు ఎరుగుదువా? ఎరుగుదును అన్నాడు. తర్వాత డైరీలో రాసుకున్నాడు, అవి వట్టి మాటలేమోనని నా భయం అని. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చింది ఆ "కాసేపు ఆగడం" అండీ. క్విజ్‌లో ఆగితే మార్కు పోతుంది, అక్కడ ఆగినందుకే ఆయన బతికాడు. రెండేళ్ళ తర్వాత 1738 మే 24 రాత్రి లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూడికకి మనసులేకుండానే వెళ్ళాడు, అక్కడ రోమా పత్రికకి సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే తన గుండె వింతగా వెచ్చబడిందని రాశాడు, నా పాపాలు, నావే, తీసేశాడు అన్న నమ్మకం కలిగింది అన్నాడు. అప్పటికి ఆయనకి దాదాపు 35 ఏళ్ళు, గురువై పదేళ్ళు. ఆ రాత్రి ఆయనకి కొత్తగా తెలిసిన సిద్ధాంతం ఏమీ లేదు, అంతా పాత సిలబస్సే, "లోకం" అన్నచోట "నేను" వచ్చింది.

దీనికి తిరగబడి ఉన్న కేసు బైబిల్లోనే ఉంది, మత్తయి 2. క్రీస్తు ఎక్కడ పుడతాడు అని హేరోదు రాజు అడిగితే ప్రధాన యాజకులూ శాస్త్రులూ టకామని బెత్లెహేము అన్నారు, మీకా ప్రవచనంతో సహా. ఫుల్ మార్కులు. యెరూషలేము నుంచి బెత్లెహేము పది కిలోమీటర్లు కూడా ఉండదు, ఒక్కడు బయల్దేరలేదు! తూర్పు నుంచి ఎంతో దూరం నడిచొచ్చిన జ్ఞానులకి ఆ ఆన్సర్ తెలియదు, అడిగి తెలుసుకుని వెళ్ళింది మాత్రం వాళ్ళే.

మా ఒంగోలు సంగతి చెప్పకపోతే మా ఊరివాళ్ళు ఊరుకోరు. 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని చూపించారు. కూటి కోసం చేరారనే మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. అదయ్యాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఎక్కువమంది అక్షరం ముక్క రాని మాదిగ కుటుంబాలు. వీళ్ళకి ఏం తెలుసని ఇచ్చారు అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ మీ పేపర్లోనే అప్పుడప్పుడు ఎవరో ఒకరు రాస్తుంటారు, బియ్యం కోసం అని. నా పూర్వీకులు ఆ నీళ్ళలో దిగినవాళ్ళే. వాళ్ళని నా క్విజ్‌లో కూర్చోబెడితే సున్నా వచ్చేది, మెతూషెల పేరు కూడా విని ఉండరు. ఊళ్ళో మనిషిలా చూడనివాళ్ళ మధ్య, తనని పేరుపెట్టి పిలిచే దేవుడు ఒకడున్నాడని విని దిగారు. ఎరగడం అంటే అంతకన్నా ఏం కావాలో నాకు తెలీదు. బియ్యం మాటకొస్తే, రొట్టెలు తిని యేసు వెంటబడ్డ జనం యోహాను 6లోనే ఉన్నారు, అది కొత్త గొడవేం కాదు.

డోర్నకల్ బిషప్ అజరయ్య గారు కూడా ఇలాంటి మాటే ఇంకోవైపు నుంచి అన్నారు. ఆయన తిరునెల్వేలి నుంచి వచ్చి డోర్నకల్‌లో పనిచేస్తూ, ఇంకా బిషప్ కాకముందే, 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి తెల్ల మిషనరీల మొహం మీదే చెప్పారు, మీరు మా బీదలకి ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, "మాకు స్నేహితులను ఇవ్వండి" అని. వాళ్ళకి మన గురించి బోలెడు తెలుసు, కులాల లెక్కలు, భాషల లెక్కలు అన్నీ రిపోర్టుల్లో ఉన్నాయి. పక్కన కూర్చోబెట్టుకుని ఒక కంచంలో తిన్నవాళ్ళు ఎందరు? సాటి మనిషి విషయంలోనే ఇంత తేడా ఉంటే దేవుడి విషయంలో ఉండదా.

ఇదంతా చదివి, అయితే చదువెందుకు, అనుభవం ఉంటే చాలు అనేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళతో నాకు ఇంకా పెద్ద పేచీ. మైకు సౌండ్ పెంచి, కీబోర్డు మెల్లగా వాయిస్తూ, ఏడ్చినవాళ్ళకే దేవుడు తెలిసినట్టు లెక్క. "రాత్రి ప్రభువు నాతో మాట్లాడాడు" అని ఆదివారం సాక్ష్యం చెప్పి, సోమవారం కొడుక్కి కట్నం బేరం మాట్లాడినవాళ్ళని నేను నా కళ్ళతో చూశాను, కట్నం గురించి ప్రభువు రాత్రి ఏమన్నాడో మాత్రం చెప్పలేదు. మీ పేపర్ ఆదివారం పెళ్ళి సంబంధాల పేజీ తీయండి, ఫలానా కులం క్రిస్టియన్‌కి ఫలానా కులం క్రిస్టియన్ కావలెను అని వరసగా ఉంటాయి, "రక్షణ, బాప్తిస్మం తప్పనిసరి" అని కూడా ఉంటుంది, కులం మాత్రం దానికన్నా ముందే ఉంటుంది. ఏడుపు కూడా ఒక రకం సమాచారమేనండి, మన గురించి మనకి. తెలియని మనిషిని ప్రేమించలేం కాబట్టి చదవాలి, నా పిల్లల్ని నేను ఇప్పటికీ కంఠత వాక్యాలు చెప్పమనే కూర్చోబెడతా, చెప్పకపోతే బిస్కెట్ ఇవ్వను.

మరి దేవుణ్ణి ఎరిగినట్టు గుర్తేంటి అంటే, నేను చెప్పడం దేనికి, యిర్మీయా 22లో ఉంది. యోషీయా రాజు గురించి చెప్తూ, అతడు దీనులకీ దరిద్రులకీ న్యాయం జరిగించాడు, "ఆలాగున చేయుటయే నన్ను తెలిసికొనుట కాదా" అంటాడు యెహోవా. అప్పుడు ఆయన మాట్లాడుతున్నది ఆ యోషీయా కొడుకుతో, కూలివాళ్ళకి జీతాలివ్వకుండా దేవదారు మేడ కట్టుకుంటున్నవాడితో. వాడికి దేవుడి గురించి తెలియదా, గుడి పక్కనే పుట్టి పెరిగాడు. ఈ వచనం మీద మా సంఘంలో ప్రసంగం విన్న గుర్తు లేదు నాకు. క్విజ్‌లో కూడా ఇవ్వలేదు, నేనే ఇవ్వలేదు.

వచ్చే ఫిబ్రవరి క్విజ్‌కి పేపర్ సెట్ చేయమని మళ్ళీ కబురొచ్చింది. ఒప్పుకున్నాను. 153 చేపలు ఉంటాయి, మెతూషెల ఉంటాడు, పిల్లలు కష్టపడి చదువుతారు, వాళ్ళని నిరాశపరచను. కానీ ఈసారి ఆ పేపర్ తీసుకుని ముందు ఆ ఆటో పెద్దాయన ఇంటికి వెళ్దామని ఉంది. ఆ రోజు లూకా చెప్పిన బాబు ఇప్పుడు బెంగళూరులో ఏదో కంపెనీలో చేస్తున్నాడట, ఈ పేపర్ ఆన్‌లైన్‌లో చూస్తాడని విన్నా. పదేళ్ళుగా ఆ పెద్దాయన వీధిలోంచి వెళ్తూనే ఉన్నాను, ఆగాలనుకుంటూనే ఉన్నాను, ఆయన ఎదురొచ్చి "బాగున్నారా టీచరమ్మా" అనగానే నోరు పెగలక బాగున్నానని వచ్చేస్తున్నాను. అందుకే ముందు మీ పేపర్లో రాస్తున్నా, ఇక వెనక్కి తగ్గడానికి లేకుండా. బాబూ, లూకా 6:27 కరెక్టే. ఆ రెండు మార్కులు నీవి, షీల్డ్ కూడా నీదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పండిట్, ఒంగోలు

తా.క. మా ఆయన చదివి, లూకా 6:35లో కూడా అదే మాట ఉంది, అది కూడా రాయి, లేకపోతే మళ్ళీ ఎవరో ఒకరు కుర్చీలు లేపుతారు అంటున్నారు. రాశాను.